ఏళ్ల తరబడి హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) ఫైల్ చేయడం: ఊళ్లో బర్త్ సర్టిఫికెట్ దగ్గర్నుంచి కార్డు చేతికొచ్చే దాకా

అమెరికాలో పదేళ్లు, పన్నెండేళ్లుగా హెచ్1బీ మీద ఉంటున్న మనవాళ్లలో చాలామంది అనుకునేదేంటంటే, డేట్ కరెంట్ అయిన రోజున, అంటే గ్రీన్‌కార్డు క్యూలో మన వంతు వచ్చిన రోజున, లాయర్ ఫోన్ చేస్తాడు, అప్పుడు కాగితాలు చూసుకోవచ్చు అని. లాయర్ ఫోన్ చేస్తాడు, నిజమే. ఆ ఫోన్‌లో ఒక లిస్టు చదివి రెండు వారాల్లో అన్నీ పంపమంటాడు. ఆ లిస్టులో మొదటిది మీరు పుట్టిన ఊరి రిజిస్టర్ నుంచి తీసిన సర్టిఫికెట్. మీరేమో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు, రిజిస్టర్ ఎక్కడో మండల కేంద్రం దాటి పాతిక కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఇదంతా తేలేలోపు, ఆ వంతు తేదీలు నెలనెలా ప్రకటించే వీసా బులెటిన్ వెనక్కి వెళ్లిపోయిన సందర్భాలున్నాయి. అందుకే ఈ గైడ్‌లో సగం డేట్ రాకముందు చేయాల్సిన పనుల గురించే రాశాను.

ఇది ఎవరికంటే: ఇండియాలో పుట్టి, ఈబీ-2 లేదా ఈబీ-3లో (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డు కేటగిరీలు) ఐ-140 (మీ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి, అమెరికాలోనే ఉంటూ ఐ-485తో అడ్జస్ట్‌మెంట్‌కి (దేశం దాటకుండానే గ్రీన్‌కార్డుకి మారడం) వెళ్లేవాళ్లకి. రూల్స్, ఫీజులు 2025 చివరినాటివి. ఇవి మారుతూనే ఉంటాయి కాబట్టి కవరు అంటించే రోజున యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) సైట్‌లో ఫారం పేజీ మళ్లీ ఒకసారి తెరవండి. మీ కేసులో ఏదైనా మెలిక ఉంటే, అంటే అరెస్టు, స్టేటస్ గ్యాప్, విడాకులు లాంటివి ఉంటే, కంపెనీ లాయర్‌తో సరిపెట్టుకోకుండా సొంతంగా ఒక లాయర్‌కి డబ్బులిచ్చి గంట మాట్లాడండి. కంపెనీ లాయర్ ముందుగా చూసేది కంపెనీ వైపు.

క్యూ ఇంత పొడవు ఎందుకో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది

ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు మామూలుగా ఏడాదికి 1,40,000. ఇందులో భార్యాపిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. ఈబీ-2కీ ఈబీ-3కీ చెరో 28.6 శాతం, అంటే 40 వేల పైచిలుకు. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకీ 7 శాతానికి మించి వెళ్లకూడదన్నది రూలు. ఆ లెక్కన ఇండియాకి ఒక్కో కేటగిరీలో వచ్చేవి సుమారు 2,800, వాటితో పాటు మిగతా దేశాలు వాడుకోకుండా మిగిల్చినవి. అందుకే 2025 సెప్టెంబరు బులెటిన్‌లో ఈబీ-2 ఇండియా ఫైనల్ యాక్షన్ తేదీ (దీనికంటే ముందు క్యూలో చేరినవాళ్లకే కార్డు) 2013 జనవరి 1 దగ్గర ఉంది.

ఈ డేట్లు తిన్నగా నడవవు. 2007 జులైలో ఒక్కసారిగా దాదాపు అన్నీ కరెంట్ చేసి, వెంటనే వెనక్కి తీసుకుని, గొడవయ్యాక ఆగస్టు 17 దాకా ఫైల్ చేసుకోనిచ్చారు. 2020 అక్టోబరులో ఈబీ-3 ఇండియా ఫైలింగ్ తేదీ (దరఖాస్తు తీసుకునే తేదీ) 2015 జనవరి 1కి దూకితే, ఈబీ-2లో ఉన్నవాళ్లు ఎందరో ఈబీ-3లో కొత్త ఐ-140 వేసుకుని మరీ ఫైల్ చేశారు. ఆ రెండుసార్లూ లాభపడింది కాగితాలు రెడీగా ఉన్నవాళ్లే.

మీ డేట్ ఏది, బులెటిన్ చదవడం ఎలా

మీ ప్రయారిటీ డేట్ ఐ-140 అప్రూవల్ నోటీసు మీద ఉంటుంది. లేబర్ డిపార్ట్‌మెంట్‌కి కంపెనీ పర్మ్ (లేబర్ సర్టిఫికేషన్ దరఖాస్తు) వేసిన రోజే అది. కంపెనీలు మారి రెండు మూడు ఐ-140లు ఉన్నవాళ్లు అన్నిటికంటే పాత డేట్‌ని వాడుకోవచ్చు, కానీ కొత్త నోటీసు మీద ఆ పాత డేటే ప్రింట్ అయిందో లేదో చూసుకోవాలి. అవ్వకపోతే ఇప్పుడే లాయర్‌కి చెప్పి సరిచేయించండి, ఫైల్ చేసే నెలలో కాదు. పాత కంపెనీ నోటీసు కాపీ ఇవ్వకపోతే కనీసం దాని రిసీట్ నంబరైనా సంపాదించి పెట్టుకోండి.

స్టేట్ డిపార్ట్‌మెంట్ నెలనెలా ఇచ్చే వీసా బులెటిన్‌లో రెండు చార్టులుంటాయి. ఫైనల్ యాక్షన్ డేట్స్ అంటే కార్డు ఇవ్వగలిగే తేదీలు. డేట్స్ ఫర్ ఫైలింగ్ అంటే దరఖాస్తు తీసుకునే తేదీలు, ఇవి సాధారణంగా కొంచెం ముందుంటాయి. వచ్చే నెలలో ఏ చార్టు వాడాలో యూఎస్‌సీఐఎస్ విడిగా ప్రకటిస్తుంది. బులెటిన్ చూసి సంబరపడిపోయి ఈ ప్రకటన చూడనివాళ్లు చాలామంది. ఇంకోటి, చార్టులో 2013 జనవరి 1 అని ఉంటే మీ డేట్ దానికంటే ముందుండాలి, 2012 డిసెంబరు 31 అయితే సరే, సరిగ్గా జనవరి 1 అయితే కాదు. వాళ్ల ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది కాబట్టి కదలిక ఎక్కువగా అప్పుడే ఉంటుంది, వేసవి వచ్చేసరికి నంబర్లు అయిపోయి ఆగిపోవడమో వెనక్కి వెళ్లడమో మామూలే.

ఇంట్లో కూర్చుని ముందే తేల్చుకోవాల్సిన మూడు సంగతులు

మొదటిది, మీ భార్య లేదా భర్త ఎక్కడ పుట్టారు? పౌరసత్వం కాదు, పుట్టిన చోటు. తల్లిదండ్రులు గల్ఫ్‌లో పనిచేసేటప్పుడు కువైట్‌లోనో దుబాయ్‌లోనో సౌదీలోనో పుట్టి, తర్వాత హైదరాబాద్‌లో పెరిగినవాళ్లు మనలో బోలెడుమంది. అలాంటివాళ్లు మీ ఇంట్లో ఉంటే వాళ్లు పుట్టిన దేశం క్యూలో మీ ఇద్దరూ నిలబడొచ్చు. దీన్నే క్రాస్ చార్జబిలిటీ అంటారు. ఇండియా క్యూలో పదేళ్లు కూర్చుని, తర్వాత ఎవరో మాటల్లో చెబితే ఈ రూలు ఉందని తెలుసుకున్న కుటుంబాలున్నాయి. పిల్లలు పుట్టిన దేశాన్ని మాత్రం ఇలా వాడుకోలేరు.

రెండోది, పెళ్లికాని వాళ్లకి. మీ కార్డు అప్రూవ్ అయ్యేలోపు పెళ్లయితే భార్య లేదా భర్త మీ కేసులోనే భాగం. కార్డు చేతికొచ్చాక పెళ్లి చేసుకుంటే వాళ్లది వేరే ఫ్యామిలీ కేటగిరీ, వేరే క్యూ. ఫైల్ చేసి నెలలు గడిచినవాళ్లు ఈ లెక్క పెద్దవాళ్లకి చెప్పి ముహూర్తం చూసుకోవడం మంచిది. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు.

మూడోది, 21 ఏళ్లకి దగ్గరపడుతున్న పిల్లలు. సీఎస్‌పీఏ అనే చట్టం ప్రకారం వాళ్ల వయసులోంచి మీ ఐ-140 ఎన్నాళ్లు పెండింగ్‌లో ఉందో అన్నాళ్లు తీసేస్తారు. ఐ-140 ఎనిమిది నెలలు నలిగితే ఎనిమిది నెలలు కలిసొచ్చినట్టే, అదనపు ఫీజు కట్టే ప్రీమియంలో రెండు వారాల్లో అప్రూవ్ అయితే కలిసొచ్చేది ఆ రెండు వారాలే. వయసు ఏ రోజుకి లెక్కపెడతారన్నది కూడా ముఖ్యం. 2023 ఫిబ్రవరి నుంచి, ఆ చార్టు వాడే నెలల్లో డేట్స్ ఫర్ ఫైలింగ్‌ని లెక్కలోకి తీసుకునేవాళ్లు, 2025 ఆగస్టు 15 నుంచి వేసే దరఖాస్తులకి మళ్లీ ఫైనల్ యాక్షన్ చార్టే ఆధారం. అంటే ఫైలింగ్ చార్టు మీద ఐ-485 వేసేసినా పిల్లాడి వయసు ఇంకా ఆగినట్టు కాదు. 18 దాటిన పిల్లలుంటే ఈ ఒక్క విషయానికి లాయర్ ఫీజు దండగ కాదు, ఎఫ్-1కి (స్టూడెంట్ స్టేటస్) మార్చే ఆలోచన కూడా పక్కన పెట్టుకోండి.

బర్త్ సర్టిఫికెట్: ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే

ఇక్కడ కావాల్సింది పేరు, పుట్టిన తేదీ, పుట్టిన చోటు, తల్లిదండ్రులిద్దరి పేర్లు ఉన్న, పుట్టినప్పుడే రిజిస్టర్ అయిన సర్టిఫికెట్. మనలో ఎనభైల్లో పుట్టిన ఎంతమందికి ఇది ఉంటుందో మీకే తెలుసు.

ముందు ఎక్కడ వెతకాలో తేల్చుకోండి. మన దగ్గర మొదటి కాన్పు పుట్టింట్లో కదా. మీరు పుట్టింది అమ్మమ్మగారి ఊళ్లో, పెరిగింది నాన్నగారి ఊళ్లో, పాస్‌పోర్టులో రాయించింది ఈ రెండూ కాకుండా దగ్గర్లోని టౌను. రిజిస్టర్‌లో ఎంట్రీ ఉంటే ప్రసవం జరిగిన చోటే ఉంటుంది, కాబట్టి అమ్మనే అడగండి, ఆసుపత్రా ఇల్లా, ఏ ఊరు, ఏ వీధి అని. పల్లె అయితే గ్రామ పంచాయతీ, టౌను అయితే మున్సిపాలిటీ, హైదరాబాద్ అయితే జీహెచ్ఎంసీ. తెలంగాణలో మీసేవ ద్వారా, ఆంధ్రాలో మీసేవ లేదా గ్రామ, వార్డు సచివాలయం ద్వారా అడగొచ్చు, కానీ పాత రిజిస్టర్లు చాలాచోట్ల కంప్యూటర్‌లోకి ఎక్కలేదు, ఎవరో ఒకరు ఆఫీసుకి వెళ్లి పుస్తకం తీయించాల్సిందే.

తర్వాత నాలుగు రకాలుగా తేలుతుంది.

ఎంట్రీ ఉంది, పేరు ఉంది, అన్నీ సరిపోయాయి. అదృష్టం, రెండు ఒరిజినల్స్ తీసిపెట్టండి.

ఎంట్రీ ఉంది కానీ పేరు గడి ఖాళీ. చాలా సాధారణం, బారసాలకి ముందే నమోదు చేసేస్తే పేరు ఎక్కడిది మరి. తల్లిదండ్రుల అఫిడవిట్, ఎస్సెస్సీ సర్టిఫికెట్ పెట్టి పేరు చేర్పించమని అడగాలి. దీనికి సమయం పడుతుంది, అందుకే డేట్ రాకముందే మొదలుపెట్టమనేది.

ఎంట్రీ లేదు. అప్పుడు రెండు దారులు. ఒకటి, ఆర్డీవో ఉత్తర్వుతో లేట్ రిజిస్ట్రేషన్ చేయించుకోవడం. చట్టం దీనికి ఒప్పుకుంటుంది, ఏడాది దాటిన నమోదుకి మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. అయితే ముప్పై ఐదేళ్ల తర్వాత, అదీ గ్రీన్‌కార్డు దరఖాస్తుకి కొన్ని నెలల ముందు పుట్టిన సర్టిఫికెట్‌ని ఆఫీసర్ అనుమానంగానే చూస్తాడు, దాంతో పాటు పాత ఆధారాలు కూడా పెట్టాల్సిందే. రెండోది, అదే ఆఫీసు నుంచి రికార్డు దొరకలేదని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, దానికి రెండో తరహా సాక్ష్యాలు జోడించడం. నా ఉద్దేశంలో రిజిస్టర్‌లో నిజంగా లేనివాళ్లకి ఈ రెండో దారే శుభ్రమైనది. అందులో సంబంధిత అధికారి సంతకం, సీలు, ఏ సంవత్సరాల రిజిస్టర్లు వెతికారో, మీ పూర్తి పేరు, తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఉండేలా చూసుకోండి.

రెండో తరహా సాక్ష్యం అంటే మనకి ముందుగా పదో తరగతి సర్టిఫికెట్. దీనికి తోడు స్కూలు టీసీ, ఆసుపత్రి కాగితం, పాత రేషన్ కార్డు ఏదున్నా పెట్టండి. ఇవి కాక కనీసం ఇద్దరి అఫిడవిట్లు. మీరు పుట్టేనాటికి ఊహ తెలిసిన వయసులో ఉండి, నేరుగా తెలిసినవాళ్లై ఉండాలి. తల్లిదండ్రులు ఇవ్వొచ్చు, పెద్దమ్మ, పెదనాన్న, మేనమామ ఎవరైనా సరే. వాళ్ల పూర్తి పేరు, చిరునామా, వాళ్ల పుట్టిన తేదీ, ఊరు, మీకు ఏమవుతారు, ఈ విషయం ఎలా తెలుసు అన్నది రాయించి నోటరీ చేయించండి. పెద్దవాళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ పని చేయించుకోండి, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పదు.

నాలుగో రకం, తేదీ తేడా. బడిలో చేర్చేటప్పుడు హెడ్‌మాస్టారు వేసిన తేదీ ఒకటి, అసలు తేదీ ఇంకోటి. మీ పాస్‌పోర్టు, వీసాలు, డిగ్రీలు అన్నీ బడి తేదీ మీదే నడుస్తుంటే, పాత రిజిస్టర్‌లో అసలు తేదీ బయటపడితే, దాన్ని మీ అంతట మీరు మార్చే ప్రయత్నం చేయకుండా ముందు లాయర్‌కి చూపించండి. దొంగ సర్టిఫికెట్ వైపు మాత్రం చూడనే వద్దు. ఏజెంటు మూడు రోజుల్లో తెప్పిస్తానంటాడు, అది పట్టుబడితే మోసం చేసినట్టు లెక్క, ఆ ముద్ర జీవితాంతం వెంటాడుతుంది.

ఇండియన్ కాన్సులేట్ పాస్‌పోర్టు చూసి ఇచ్చే బర్త్ సర్టిఫికెట్ కూడా ఒకటుంది. అది అదనపు కాగితంగా పనికొస్తుంది గానీ ఊరి రిజిస్టర్‌కి బదులు కాదు, దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి.

పేర్లు, పెళ్లి, అనువాదం

ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, డిగ్రీలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో విప్పి రాసిన ఇంటిపేరు, భార్య కాగితాల్లో పెళ్లికి ముందు ఒకటి తర్వాత ఒకటి. ఇవన్నీ ఆఫీసర్‌కి వేరువేరు మనుషుల్లా కనిపిస్తాయి. ఐ-485లో మీరు ఇప్పటిదాకా వాడిన ఇతర పేర్ల గడి ఉంటుంది, ఏ ఒక్క అక్షరం తేడా ఉన్న రూపమైనా అక్కడ రాసేయండి. తేడా పెద్దదైతే ఈ పేర్లన్నీ ఒకే మనిషివి అని అఫిడవిట్ పెట్టండి. తల్లిదండ్రుల పేర్లలో తేడాలు కూడా ఇంతే, అమ్మ పేరు ఒకచోట లక్ష్మి, ఇంకోచోట వెంకటలక్ష్మి అయితే అదీ అందులోనే రాయించండి.

పెళ్లికి సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. గుడిలో ఇచ్చిన రసీదు, శుభలేఖ, ఫోటోలు దానికి తోడు మాత్రమే. వీసా స్టాంపింగ్ కోసం అప్పట్లో చేయించినదే పనికొస్తుంది, ఒకసారి పేర్లు, తేదీలు చూసుకోండి. మొదటి పెళ్లి రద్దయి ఉంటే కోర్టు డిక్రీ తప్పనిసరి, పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న కాగితం చెల్లదు.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లిష్ అనువాదం ఉండాలి, సీలు మీద అక్షరాలతో సహా. నోటరీ అక్కర్లేదు. అనువదించినవాళ్లు తమకి రెండు భాషలూ వచ్చని, అనువాదం పూర్తిగా సరిగ్గా ఉందని రాసి, సంతకం, పేరు, చిరునామా, తేదీ వేస్తే చాలు. తెలుగు వచ్చిన స్నేహితుడు చేసిపెట్టొచ్చు, మీది మీరే చేసుకోకపోవడం మేలు.

ఇక్కడి కాగితాలు

వచ్చిన దగ్గర్నుంచి అన్ని ఐ-797లు (యూఎస్‌సీఐఎస్ నోటీసులు), ఐ-20లు (కాలేజీ ఇచ్చే స్టూడెంట్ కాగితాలు) ఉంటే అవి, పాస్‌పోర్టులన్నీ (పాతవి సహా) ప్రతి పేజీ, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం పత్రాలు), ఇటీవలి పే స్టబ్‌లు, ఐఆర్ఎస్ ట్రాన్స్‌క్రిప్టులు (పన్ను రికార్డులు) ఒక ఫోల్డర్‌లో పెట్టండి. గత ఐదేళ్ల చిరునామాలు, ఉద్యోగాలు నెలలతో సహా ఫారంలో అడుగుతారు, ఇప్పుడే ఒక షీట్‌లో రాసుకోండి.

వీటన్నిటికంటే ముందు ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు, చూడండి. ఇండియా నుంచి తిరిగొచ్చినప్పుడు పాస్‌పోర్టు గడువు హెచ్1బీ గడువుకంటే ముందే అయిపోతుంటే, ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ పాస్‌పోర్టు తేదీ వరకే ఐ-94 ఇస్తాడు. ఐ-797 మీద ఇంకో ఏడాది ఉంది కదా అని ధీమాగా ఉంటాం, లెక్కకి వచ్చేది మాత్రం చివరగా ఇచ్చిన ఐ-94. ప్రతి ప్రయాణం తర్వాత సీబీపీ (కస్టమ్స్, సరిహద్దు శాఖ) సైట్‌లో డౌన్‌లోడ్ చేసి తేదీ చూడటం ఇంటిల్లిపాదికీ అలవాటు చేయండి, ముఖ్యంగా హెచ్4లో (హెచ్1బీ వాళ్ల భార్యాపిల్లల స్టేటస్) ఉన్న పిల్లలకి, వాళ్ల పాస్‌పోర్టులు ఐదేళ్లకే అయిపోతాయి. ఉద్యోగ కేటగిరీల్లో చివరిసారి చట్టబద్ధంగా లోపలికి వచ్చిన తర్వాత మొత్తం 180 రోజులకి మించని స్టేటస్ లోపాల్ని 245(కే) అనే సెక్షన్ క్షమిస్తుంది. అది దాటితే పెద్ద సమస్యే.

పోలీసు వ్యవహారం ఏదైనా, కేసు కొట్టేసినా సరే, కోర్టు నుంచి సర్టిఫైడ్ డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే పత్రం) తెచ్చుకోండి. తాగి నడిపిన కేసు అయితే మరీ. గంజాయి మీ రాష్ట్రంలో చట్టబద్ధమే కావచ్చు, ఫెడరల్ చట్టంలో కాదు, ఇమిగ్రేషన్‌కి ఫెడరల్ చట్టమే లెక్క.

మెడికల్

2024 డిసెంబరు 2 నుంచి ఐ-693 మెడికల్ ఫారాన్ని ఐ-485తో పాటే పెట్టాలి, లేకపోతే మొత్తం ప్యాకెట్ తిప్పి పంపొచ్చు. మామూలు డాక్టర్ చేయకూడదు, యూఎస్‌సీఐఎస్ గుర్తించిన సివిల్ సర్జనే చేయాలి. డేట్లు దూకిన నెలలో వీళ్ల దగ్గర అపాయింట్‌మెంట్ దొరకడం తిరుమల దర్శనం టికెట్ దొరికినట్టే. ఖర్చు క్లినిక్‌ని బట్టి చాలా తేడాగా ఉంటుంది, పరీక్ష ఫీజుకి ఇన్సూరెన్స్ సాధారణంగా వర్తించదు, నాలుగు చోట్ల ఫోన్ చేసి కనుక్కోండి.

టీకాలు మాత్రం మీ ఫ్యామిలీ డాక్టర్ దగ్గరో ఫార్మసీలోనో ముందే వేయించుకుంటే చవక. ఎంఎంఆర్, టీడాప్, ఆటలమ్మ, హెపటైటిస్ బి, చలికాలంలో అయితే ఫ్లూ ఇలా వయసుని బట్టి ఉంటాయి. కోవిడ్ టీకా 2025 జనవరి నుంచి అడగడం లేదు. చిన్నప్పటి టీకా కార్డు లేకపోతే టైటర్ రక్తపరీక్షతో కొన్నింటికి రోగనిరోధకత ఉందని చూపొచ్చు. రెండేళ్లు దాటిన అందరికీ టీబీకి ఇగ్రా రక్తపరీక్ష చేస్తారు. మనందరికీ చిన్నప్పుడు భుజం మీద వేసిన బీసీజీ వల్ల ఈ పరీక్ష పాజిటివ్ రాదు, ఆ తంటా పాత చర్మ పరీక్షది. పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, అది బాగుంటే సాధారణంగా కేసు ఆగదు, కాకపోతే వారం పది రోజులు ఎక్కువ పడుతుంది.

డాక్టర్ సీల్ చేసిన కవరు ఇస్తాడు. తెరవొద్దు, ఎంత కుతూహలంగా ఉన్నా సరే. మీ కాపీ విడిగా అడిగి తీసుకోండి. ఇంకో సంగతి, 2025 జూన్ నుంచి ఉన్న పాలసీ ప్రకారం ఈ మెడికల్ ఏ దరఖాస్తుతో వేశారో ఆ దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంతకాలమే చెల్లుతుంది, అది తిరస్కరించినా ఉపసంహరించుకున్నా కొత్త దరఖాస్తుకి కొత్త మెడికల్.

ఫారాలు, ఫీజులు, కవరు

ఇంట్లో ఒక్కొక్కరికీ విడి ఐ-485. దాంతో పాటు పని చేయడానికి ఈఏడీ కావాలంటే ఐ-765, ప్రయాణానికి అడ్వాన్స్ పరోల్ కావాలంటే ఐ-131. ప్రధాన దరఖాస్తుదారుకి ఐ-485 సప్లిమెంట్ జె, అంటే ఐ-140లో చెప్పిన ఉద్యోగం ఇంకా ఉందని కంపెనీ సంతకం పెట్టే ఫారం. ఐ-864 సపోర్ట్ అఫిడవిట్ ఉద్యోగ కేసుల్లో సాధారణంగా అక్కర్లేదు, మీకు ఐ-140 వేసిన సంస్థలో దగ్గరి బంధువుకి ఐదు శాతం లేదా అంతకుమించి వాటా ఉంటే తప్ప.

ఫీజులు 2024 ఏప్రిల్ 1 నుంచి ఇలా: ఐ-485కి 1,440 డాలర్లు, తల్లిదండ్రులతో కలిపి వేసే 14 ఏళ్లలోపు పిల్లలకి 950. ఐ-765కి 260, ఐ-131కి 630. ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంటికి నలుగురికీ ఐ-485, ఐ-131, పెద్దలిద్దరికీ ఐ-765 వేస్తే 7,820 డాలర్లు, మెడికల్, లాయర్ కాకుండా. పర్మ్ ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలని రూలుంది గానీ ఐ-485కి అలాంటిదేం లేదు, కాబట్టి హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి.

2025 అక్టోబరు 28 తర్వాత పేపర్ చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవడం లేదు. క్రెడిట్ కార్డుకి జి-1450, బ్యాంకు ఖాతాకి జి-1650 ఫారం. ఒక్కో ఫారానికి ఒక్కో చెల్లింపు పత్రం విడిగా పెట్టండి. కార్డు లిమిట్ సరిపోతుందో లేదో చూసుకోండి, బ్యాంకు దీన్ని ఫ్రాడ్ అనుకుని ఆపేయకుండా ముందే ఫోన్ చేసి చెప్పండి, ఎందుకంటే చెల్లింపు ఫెయిలైతే దరఖాస్తే వెనక్కి వస్తుంది.

ప్యాకెట్ తిరిగొచ్చే కారణాలు ఎప్పుడూ ఒకటే తరహా: ఫారం పాత ఎడిషన్ కావడం, వేరువేరు ఎడిషన్ల పేజీలు కలిసిపోవడం, ఎక్కడో సంతకం లేకపోవడం, ఫీజు తేడా, మెడికల్ లేకపోవడం, తప్పు అడ్రస్. లాక్‌బాక్స్ (దరఖాస్తులు తీసుకునే కేంద్రం) అడ్రస్ మీ కేటగిరీని, మీరుండే రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, పోస్టుకి ఒకటి, ఫెడెక్స్ లాంటి కొరియర్‌కి ఇంకోటి ఉంటుంది. తిరిగొచ్చేలోపు నెల మారిపోతే, డేట్ కూడా మారిపోతే, చేసేదేం లేదు. అందుకే కరెంట్ అయిన నెల మొదటి రోజుల్లోనే చేరేలా పంపండి, నెలాఖరులో కాదు, అలాగని ఒకటో తారీకుకి ముందూ చేరకూడదు. లాయర్ ఫారం నింపి పంపితే, ప్రతి గడీ మీరే చదవండి. పిల్లల పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు నంబర్లు, ఏ-నంబర్లు (ఇమిగ్రేషన్ ఫైల్ నంబర్లు). పంపే ముందు మొత్తం స్కాన్ చేసి ఉంచుకోండి.

పంపాక

కొన్ని వారాల్లో ఐ-797సి రిసీట్లు వస్తాయి, తర్వాత ఫింగర్‌ప్రింట్స్‌కి పిలుపు. ఇల్లు మారితే పది రోజుల్లో ఆన్‌లైన్‌లో అడ్రస్ మార్చాలి, ఏఆర్-11. పోస్టాఫీసు ఫార్వర్డింగ్‌ని నమ్ముకుంటే కార్డు పాత అపార్ట్‌మెంట్‌కి వెళుతుంది.

ఫైల్ చేసిన తర్వాత డేట్లు వెనక్కి వెళ్లినా మీ ఐ-485 పోదు, మీ డేట్ మళ్లీ వచ్చేదాకా అలాగే ఉంటుంది. ఈఏడీ, అడ్వాన్స్ పరోల్ రెన్యూ చేసుకుంటూ ఉండొచ్చు. అయితే 2025 డిసెంబరు 5 నుంచి ఈఏడీ గరిష్ఠంగా 18 నెలలకే ఇస్తున్నారు, అంతకుముందు ఐదేళ్లకి ఇచ్చేవాళ్లు. పైగా 2025 అక్టోబరు 30 నుంచి వేసే రెన్యువల్స్‌కి ఇదివరకటి 540 రోజుల ఆటోమేటిక్ పొడిగింపు లేదు. ఈ రెండూ కలిపి చూస్తే, కుదిరినంతకాలం హెచ్1బీ మీదే పనిచేస్తూ ఈఏడీని జేబులో ఉంచుకోమనే చెబుతాను. ఐ-485కి ఏదైనా జరిగితే హెచ్1బీ ఉన్నవాడికి నిలబడటానికి చోటుంటుంది. హెచ్4 భార్య లేదా భర్త కొత్త ఈఏడీ మీద ఉద్యోగంలో చేరొచ్చు, హెచ్4 స్టేటస్ మాత్రం పొడిగించుకుంటూ ఉండండి.

ఊరికి వెళ్లాలంటే: హెచ్1బీ, హెచ్4 వాళ్లు చెల్లే వీసా స్టాంపుతో వెళ్లి అదే స్టేటస్‌లో తిరిగొస్తే ఐ-485కి ఏమీ కాదు. ఎఫ్-1లో ఉన్న పిల్లలు మాత్రం అడ్వాన్స్ పరోల్ చేతికి రాకుండా దేశం దాటితే దరఖాస్తు వదిలేసినట్టే. ఇంట్లో పెళ్లైనా, పెద్దవాళ్లకి బాగోలేకపోయినా ఇదే రూలు. అందుకే పిల్లలకి కూడా ఐ-131 వేయమనేది, ఆ 630 డాలర్ల దగ్గర పొదుపు చేయకండి.

ఉద్యోగం మారడం

ఐ-485 వేసి 180 రోజులు దాటాక, ఐ-140 అప్రూవ్ అయి ఉంటే, అదే తరహా పనికి కొత్త కంపెనీకి మారొచ్చు. కొత్త కంపెనీ సప్లిమెంట్ జె మీద సంతకం పెడితే చాలు, మళ్లీ పర్మ్ అక్కర్లేదు. అదే తరహా అంటే టైటిల్ కాదు, పని వివరాలు, ఆక్యుపేషన్ కోడ్, జీతం అన్నీ కలిపి చూస్తారు. సాఫ్ట్‌వేర్ డెవలపర్ సీనియర్ డెవలపర్ కావడం ఇబ్బంది కాదు, పూర్తిగా సేల్స్‌లోకి వెళితే ఆలోచించాలి. ఆఫర్ ఒప్పుకునే ముందే కొత్త కంపెనీ సప్లిమెంట్ జె ఇస్తుందో లేదో మెయిల్‌లో అడగండి, కొన్ని కంపెనీల లీగల్ వాళ్లు దీనికి నెలలు తీసుకుంటారు.

ఆర్ఎఫ్ఈ, ఇంటర్వ్యూ

ఆర్ఎఫ్ఈ, అంటే ఇంకొన్ని ఆధారాలు పంపమనే నోటీసు, వస్తే కంగారొద్దు, ఎక్కువసార్లు అది బర్త్ సర్టిఫికెట్ గురించో, ఉద్యోగం ఇంకా ఉందా అనో. నోటీసులో ఇచ్చిన గడువు పొడిగించరు, అడిగినవన్నీ ఒకేసారి పంపాలి, సగం ఇప్పుడు సగం తర్వాత అంటే కుదరదు. పైనున్న ఫోల్డర్ ఉంటే ఇది రెండు రోజుల పని.

ఉద్యోగ కేసుల్లో చాలామందికి ఇంటర్వ్యూ లేకుండానే అప్రూవ్ అవుతుంది, పిలిస్తే ఇంటిల్లిపాదీ ఒరిజినల్స్‌తో వెళ్లాలి. ఏ పని చేస్తారు, ఎవరికి, ఎక్కడ, పెళ్లెప్పుడైంది, ఫారంలో రాసినవన్నీ నిజమేనా, ఇలాంటివే అడుగుతారు. మీ ఐ-140లో ఉద్యోగ వివరణ ముందురోజు ఒకసారి చదువుకోండి. తెలియంది తెలియదనే చెప్పండి.

కార్డు వచ్చాక మొదటి వారంలో

పేరు, పుట్టిన తేదీ, కేటగిరీ కోడ్ చూడండి, తప్పుంటే వెంటనే ఐ-90 (కార్డు మార్చమని అడిగే ఫారం) వేయండి. హెచ్ఆర్‌కి చెప్పి రికార్డు మార్పించండి, సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో స్టేటస్ మార్పించుకోండి. 18 నుంచి 25 ఏళ్ల మగపిల్లలుంటే 30 రోజుల్లో సెలెక్టివ్ సర్వీస్‌లో (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ఉంచే జాబితా) నమోదు చేయాలి, దీన్ని మర్చిపోతే తర్వాత పౌరసత్వం దగ్గర అడుగుతారు.

ఆరు నెలలకి మించి ఇండియాలో ఉండిపోతే పౌరసత్వానికి కావాల్సిన వరుస నివాసం తెగిందేమోనని ప్రశ్న వస్తుంది, ఏడాది దాటితే కార్డుతో తిరిగి రావడమే కష్టం. అమ్మానాన్నల్ని చూసుకోవడానికి ఎక్కువ రోజులు వెళ్లాల్సి వస్తే, వెళ్లేముందు అమెరికాలో ఉండగానే ఐ-131తో రీఎంట్రీ పర్మిట్ వేసుకోండి, అది సాధారణంగా రెండేళ్ల వరకు ఇస్తారు. కార్డు మీద ఉన్న రెసిడెంట్ సిన్స్ తేదీ నుంచి ఐదేళ్లు లెక్కపెట్టి, దానికి 90 రోజుల ముందు నుంచి ఎన్-400 (పౌరసత్వ దరఖాస్తు) వేసుకోవచ్చు. ఆ ఫారంలోనూ గత ఐదేళ్ల ప్రయాణాలు తేదీలతో అడుగుతారు కాబట్టి పాత షీట్‌నే కొనసాగించండి.